అతుకు విడిన నాలుగు దూలాలు

29 ఏప్రిల్ 1992, బుధవారం

మందు పట్టించిన నీలగిరి చెక్కలు హైదరాబాదు నుంచి వచ్చి నెలయింది. ఆరిపోయాయని మా మేస్త్రి లింగన్న ఈరోజు చెప్పాడు. ఊరికే చెప్పలేదు. ఒక్కో చెక్క కొసన చిన్న ముక్క కోసి తూచాడు. దాన్ని ఎండబెట్టి మళ్ళీ తూచాడు. వారం రోజులుగా ఇదే పని. చెక్కలన్నీ పాచి పట్టినట్టు ఆకుపచ్చగా ఉన్నాయి. ఈ మందు ఉంటే చెద తినదట, వానకు కుళ్ళదట.

తమ్ముడు భూమేశ్వర్ శిక్షణకు పోయి నేర్చుకున్న పని ఇది. పెద్ద టేకు దుంగ దొరికే రోజులు పోయాయి కాబట్టి సన్న చెక్కలనే ఒకదాని మీద ఒకటి బంకతో అతికించి, ఇనుప శికంజాల్లో బిగించి, ఒక్క దూలం చేస్తారు. గంగాదాస్ సేటు పసుపు షెడ్డుకు ఆరు కావాలి. మా వడ్రంగి కార్ఖానాలో ఇవే మొదటివి.

సేటు వచ్చి చెక్కను గోటితో గీకి చూశాడు. "అతుకుల దూలం కింద ఆడోళ్ళను కూసోవెడ్తున్న భూమేశ్వర్. నిలుస్తదా?"

"నిలువకుంటె నన్నడుగు సేటూ."

తమ్ముడు ఆ మాట ధైర్యంగానే అన్నాడు. బాగా అనిపించింది.

1 మే, శుక్రవారం

పొద్దుటి నుంచి మిషను మోత. రేపటి నుంచి కరెంటు ఎప్పుడుంటుందో తెలియదని తమ్ముడు తొందరపెట్టి నాలుగు దూలాల చెక్కలకు ఒక్కరోజులోనే చిత్రిక పట్టించాడు.

సేటు షెడ్డులో పసుపు ఏరే నీలవ్వ గంప పట్టుకుని వచ్చింది. "జర పొట్టు తీస్కపోత అక్కా, పొయ్యిలకు." తీసుకో అన్నాను. లింగన్న మిషను ఆపి వచ్చాడు.

"వద్దక్కా. గది మందు పొట్టు. కాలిస్తె పొగ విషం. గుంత తీసి పూడ్వాలె."

"పొట్టుకు గూడ గింత పిసినారితనమా లింగన్నా? నీ ఇంట్ల కనకవ్వ బువ్వ తూచి పెడ్తదేమో" అంది నీలవ్వ. అందరూ నవ్వారు. లింగన్న నవ్వలేదు, గంప వెనక్కి ఇచ్చాడు. నేను ఇస్తానన్నదాన్ని నా ముందే కాదన్నాడు.

సాయంత్రం మళ్ళీ వచ్చాడు. చిత్రికను అతను రంద అంటాడు. "అక్కా, పొద్దుగాల్నె బంక పెట్టాలె. మందు చెక్కకు రంద పట్టినంక మొఖం గా దినమే తాజాగ ఉంటది. దినం దాటితె మొద్దువారుతది. బంక లోపలికి దిగది."

"రేపు అమాస లింగన్నా."

"గందుకే చెప్తున్న."

"అమాస నాడు ఈ కార్ఖానల ఉలి లేవదు. మా తాతల సంది లేవలె. ఎల్లుండి పాడ్యమి, ఐతారం. సోమారం విదియ, మంచిగున్నది."

అతను భూమేశ్వర్ వైపు చూశాడు. భూమేశ్వర్ శికంజాలు లెక్కపెడుతున్నాడు. "అక్క చెప్పింది గదా" అన్నాడు, తల ఎత్తకుండా.

నేను గొంతు పెంచలేదు. ఎప్పుడూ పెంచను.

2 మే, శనివారం, అమావాస్య

కార్ఖానా మూసి ఉంది. పనిముట్లన్నీ తుడిపించి దేవుని ముందు పెట్టించాను. మనసు నిమ్మళంగా ఉంది.

4 మే, సోమవారం

ఎనిమిదింటికి పని మొదలు. లింగన్న చెక్క మీద అరచేయి ఆనించి చాలాసేపు నిలబడ్డాడు. "ఇంకోపారి సన్నగ రంద పడ్త" అన్నాడు. భూమేశ్వర్ వద్దన్నాడు. కొలత తగ్గుతుంది, పైన పట్టిన మందు కూడా పోతుంది అన్నాడు.

"మందు పోతె చెద తింటది, పదేండ్లకు. బంక పట్టకుంటె పది నెలలు గూడ ఆగదు."

"నువ్వు బంక కలుపు లింగన్నా."

కలిపాడు. ముదురు ఎరుపు బంక, అది గట్టిపడటానికి దానిలో పొడి. ఎండకు తొందరగా గట్టిపడుతుందని కొంచెం కొంచెమే కలుపుతూ, ప్రతిసారీ తూకం వేసి, నాలుగు దూలాలూ బిగించాడు. రోజంతా గొణుగుతూనే ఉన్నాడు. ఈ మనిషికి నోరు ఎక్కువైంది.

7 మే, గురువారం

మిగిలిన రెండు దూలాలు. పొద్దున చిత్రిక, మధ్యాహ్నం బంక. లింగన్న ఈరోజు ఏమీ గొణగలేదు.

10 జూన్, బుధవారం

షెడ్డు మీదికి ఆరు దూలాలూ ఎక్కాయి. సేటు పేడాలు పంచాడు. అందరూ పైకే చూస్తున్నారు. ఇన్ని ముక్కలతో అయిందంటే ఎవరూ నమ్మరు. గుట్ట మీది గుడికి పోయి దండం పెట్టుకుని వచ్చాను.

12 అక్టోబర్, సోమవారం

నీలవ్వ వచ్చింది. ఈసారి గంప లేదు.

"అక్కా, మీ దూలం నోరు తెరిసింది."

ఏం మాటలవి అన్నాను. చీపురు పుల్ల పెడితే వేలెడు లోపలికి పోయిందట. వానలు ఆగి ఎండ కాసినప్పటి నుంచి చిటచిటమని చప్పుడు వస్తోందట. బల్లి అనుకున్నారట ఆడవాళ్ళు.

14 అక్టోబర్, బుధవారం

పోయి చూశాను. దూలాల మీద లింగన్న సుద్దతో వేసిన అంకెలు ఇంకా ఉన్నాయి. ఒకటి, రెండు, మూడు, నాలుగు: అతుకు దగ్గర విడిపోయాయి. చెక్క చీలలేదు. బంక గీత దగ్గరే, కత్తితో కోసినట్టు. ఐదు, ఆరు గట్టిగా ఉన్నాయి.

ఆ రెండూ లోపలి వైపు ఉన్నాయి, జల్లు తగల్లేదేమో అనుకున్నాను. ఇంటికి వచ్చాక గుర్తొచ్చింది, ఆరోది వాన కొట్టే వైపే ఉంది.

సేటు దూలాల కింద కర్రలు ఊతగా పెట్టించాడు. ఆడవాళ్ళను బయట పందిట్లోకి మార్చాడు. ఎవరికీ ఏమీ కాలేదు. దేవుడు ఉన్నాడు.

15 అక్టోబర్, గురువారం

సేటు కార్ఖానాకు వచ్చాడు. అరవలేదు. స్టూలు మీద కూర్చుని మంచినీళ్ళు తాగాడు.

"నిన్నడుగుమన్నవ్ గదా భూమేశ్వర్. అడుగుతున్న."

తమ్ముడు నేల చూశాడు. తర్వాత లింగన్న వైపు చూశాడు. "బంక కలిపింది లింగన్న సేటూ. పొడి తక్కువేసినట్టున్నది."

అందరి ముందు. ముప్పై ఏళ్ళుగా మా దగ్గర పని చేస్తున్న మనిషిని. నన్నడుగు అన్న నోటితోనే.

లింగన్న చేతిలో ఉలి కింద పెట్టాడు. కుళాయి దగ్గర చేతులు కడుక్కున్నాడు. టిఫిను డబ్బా తీసుకున్నాడు. తమ్ముడి వైపు చూడలేదు, సేటు వైపు చూడలేదు. నా వైపు చూశాడు.

నేను గుమ్మంలో నిలబడి ఉన్నాను. పనివాళ్ళ సంగతి మగవాళ్ళు చూసుకుంటారు. లోపలికి వచ్చాను.

16 అక్టోబర్

కోపంగా ఉంది. ఎవరి మీదో రాయను.

17 అక్టోబర్

పొడి తక్కువై ఉండవచ్చు. మనిషన్నాక పొరపాటు జరుగుతుంది.

ప్రతిసారీ తూకం వేశాడు. నేను చూశాను.

19 అక్టోబర్, సోమవారం

గుట్ట నుంచి దిగుతుంటే కనకవ్వ ఎదురైంది. లింగన్న భార్య. పక్కకు తప్పుకుని పోతానేమోనని దారికి అడ్డంగా నిలబడింది.

"దండం పెట్టుకున్నవా అక్కా? మంచిగ పెట్టుకో. మా ఆయిన సగం పొడి అమ్ముకున్నడంట, ఎర్కేనా?"

"ఎవరన్నరు?"

"ఎవరనలె చెప్పు. మీ తమ్ముడు తక్కువేసిండన్నడు. సేటు తక్కువెందుకైందన్నడు. అంగడి అమ్ముకున్నడన్నది. మాక్లూర్ల ఒకాయిన దర్వాజలకు రమ్మని, మల్ల వద్దని కబురంపిండు. యాభై రెండేండ్లకు దొంగ పేరు తెచ్చుకున్నడు మీ ఇంట్ల పని చేసి."

నేను ఏమీ అనలేదు.

"నువ్వేమనవు. నువ్వు శాంతం మనిషివి" అంది. పక్కకు జరిగి దారి ఇచ్చింది.

నా శాంతం ఆమెకు అంత చేదుగా ఉంది. ఇంటికి వచ్చి జపానికి కూర్చున్నాను. మాల మూడుసార్లు తిప్పాను, ఒక్క నామం కూడా నోట్లోకి రాలేదు.

21 అక్టోబర్, బుధవారం

తమ్ముడు శిక్షణ నుంచి తెచ్చుకున్న పుస్తకం అడిగాను. ఇవ్వడానికి తటపటాయించాడు. అందులో ఇంగ్లీషు, తెలుగు రెండూ ఉన్నాయి. మందు పట్టించిన చెక్క గురించి ఒక పేజీ. ఆరబెట్టాలి. ఆరాక చిత్రిక పట్టాలి. చిత్రిక పట్టిన ఇరవై నాలుగు గంటల లోపల అతికించాలి. మామూలు చెక్క కంటే ఎక్కువసేపు బిగింపులో ఉంచాలి.

ఇరవై నాలుగు గంటలు అన్న చోట పెన్సిలు గీత ఉంది.

"ఈ గీత ఎవరు గీసిండ్రు?"

"నేనే."

"ఎప్పుడు?"

"శిక్షణల ఉన్నప్పుడు."

"తెలిసి ఊకున్నవా తమ్మీ?"

పుస్తకం మూసి పక్కన పెట్టాడు. తర్వాత మొదటిసారి నా మొహంలోకి చూసి మాట్లాడాడు.

"నీకెవరు చెప్పాలె అక్కా? అమ్మ పోయినంక నువ్వే సాదినవ్. పెండ్లి గూడ వద్దనుకున్నవ్ నా కోసం. నువ్వు లొల్లి పెడ్తె నేను గూడ పెడ్దును. నువ్వు ఒక్క మాట అని దేవుని అర్రలకు పోయి కూసుంటవ్. గా తలుపుకు ఎదురు ఏం మాట్లాడాలె?"

"అందుకని లింగన్న మీద పెట్టినవా?"

"నీ మీద పెట్టాల్నా మరి?"

నా భయంతో వాడు నోరు మూసుకున్నాడట. నా గౌరవం కోసం ఇంకొకడిని దొంగను చేశాడట. ఇదంతా నాకు చేసిన సేవ. ఎవరు అడిగారు ఈ సేవ? ఒక్కసారి, ఒకే ఒక్కసారి, వద్దక్కా అని ఉంటే.

లింగన్న అన్నాడు. నోరెక్కువ అని రాసుకున్నాను. వెనక్కి తిప్పి చూశాను, మే నాలుగున. నా చేతిరాతే.

23 అక్టోబర్, శుక్రవారం

గంగాదాస్ సేటు ఇంటికి పోయాను. అమావాస్యకు పని ఆపించింది నేనని, లింగన్న వద్దని చెప్పాడని, బంకలో పొడి సరిగానే ఉందని చెప్పాను. ఏదీ దాచలేదు.

సేటు లేచి నిలబడి రెండు చేతులూ జోడించాడు.

"అక్కా, నువ్వు దేవతవు. పనోన్ని కాపాడతందుకు నీ నెత్తినేస్కుంటున్నవ్."

"లేదు సేటూ. నిజం చెప్తున్న."

"నాకెర్కే అక్కా. నువ్వు చీమకు గూడ చెడు జెయ్యవు. గీ కాలంల పనోని కోసం ఎవరంటరు గిట్ల? ఏయ్, అక్కకు చాయ్ తెండ్రి."

మూడుసార్లు చెప్పాను. మూడుసార్లూ దండం పెట్టాడు. గొంతు పెంచి చెబుదామనుకున్నాను. అలవాటు లేక రాలేదు.

చాయ్ తాగకుండా వచ్చాను. ముప్పై ఏళ్ళు ఉపవాసాలున్నాను, తెల్లవారుజామున లేచాను, ఎవరినీ పల్లెత్తు మాట అనలేదు. చివరికి దేనికి పనికొచ్చింది? నా తప్పు నేను చెప్పుకున్నా నమ్మేవాళ్ళు లేరు. లింగన్న నిజం చెబితే దొంగ మాట అయింది, నేను నిజం చెబితే పుణ్యమయింది. ఇదెక్కడి న్యాయం?

24 అక్టోబర్, శనివారం

బస్సెక్కి కమ్మర్‌పల్లి పోయాను. లింగన్న ఇంటి ముందు కూర్చుని నాగలి మేడికి పిడి చెక్కుతున్నాడు. కనకవ్వ పీట వేసి లోపలికి పోయింది.

"తప్పు నాది లింగన్నా" అన్నాను.

"నాకెందుకు చెప్తున్నవక్కా? నాకు తెల్వదా?"

సేటుతో జరిగింది చెప్పాను. మొదటిసారి నవ్వాడు. ఆ నవ్వు నాకు నచ్చలేదు.

"నీ మాట నమ్మరు, నా మాట నమ్మరు. చెక్కను అడుగుదాం. చెక్కకు మొహమాటం లేదు."

మిగిలిన చెక్కలున్నాయి. వాటిలో కొన్నింటికి ముందు చిత్రిక పట్టి మూడు రోజులు ఉంచాలి. నాలుగో రోజు ఇంకొన్నింటికి పట్టాలి. ఒకే బంకతో, ఒకే పూట, రెండు జతలూ అతికించాలి. పది రోజులు ఆగి ఉడకబెట్టి, ఆ తర్వాత ఎండబెట్టాలి.

"పసుపు లెక్కనే అక్కా. ఉడకవెట్టి ఎండవెడ్తె గని అసలు సంగతి తెల్వది."

"బంక నువ్వే కలుపుతవా?"

"నేను ముట్ట. మీ తమ్ముడే కలపాలె. సేటు ముందట."

కనకవ్వ లోపలి నుంచి అంది, "గప్పుడన్న పొడి తక్కువేయకుమను."

29 అక్టోబర్, గురువారం

సోమవారం మొదటి జతకు చిత్రిక పట్టారు. ఈరోజు పొద్దున రెండోదానికి. సేటును పిలిపించాను. రానన్నాడు, నా మాట తీసేయలేక వచ్చాడు. ఆయన చేతనే సుద్దతో గుర్తులు పెట్టించాను. సోమవారం చెక్కకు సున్నా, ఈరోజు చెక్కకు అడ్డగీత. తూకం ఆయనే చూశాడు. భూమేశ్వర్ కలిపాడు. కొంత బంక చొక్కా మీద పడింది. లింగన్న గేటు దగ్గరే నిలబడ్డాడు, లోపలికి అడుగు పెట్టలేదు.

9 నవంబర్, సోమవారం

షెడ్డు ముందు పొయ్యి పెట్టించాం. పసుపు ఉడికించే కడాయి ఇస్తానన్నాడు సేటు. లింగన్న గట్టిగా వద్దన్నాడు. "కడాయిల మందు దిగుతది సేటూ. మల్ల గండ్లనే పసుపు ఉడకవెట్టి ఊరంత తినిపిస్తవా?" పాత తారు డ్రమ్ము తెచ్చారు. ఆ నీళ్ళు పోయడానికి దూరంగా గుంత తవ్వారు.

పొద్దున తొమ్మిది నుంచి మూడింటి దాకా మరిగింది. ఏరే ఆడవాళ్ళంతా పని వదిలేసి చుట్టూ కూర్చున్నారు. పెండ్లి వంట లెక్క ఉన్నదని నీలవ్వ అంటే, ఈ కూర ఎవరికి వడ్డిస్తరో అని ఇంకొకామె అంది.

తీసి ఎండలో పెట్టారు. రెండు జతలూ గట్టిగానే ఉన్నాయి. సేటు నా వైపు జాలిగా చూశాడు.

10 నవంబర్

ఎండ బాగా ఉంది. నేను పోలేదు.

11 నవంబర్, బుధవారం

పదకొండింటికి సేటు మనిషిని పంపాడు. పోయేసరికి అందరూ ఉన్నారు.

సున్నా పెట్టిన జత అంచున వెంట్రుకంత విడింది. సేటు వంగి, సందులో గోరు పెట్టి లాగాడు. అప్పడంలా ఊడి ఆయన చేతికి వచ్చింది. బంక ఒకవైపే ఉండిపోయింది, నున్నగా. రెండోవైపు చెక్క చెక్కలాగే ఉంది, అక్కడ ఏదీ పట్టనే లేదు.

అడ్డగీత జతను ఆయన లాగాడు, రాలేదు. నేల మీద కొట్టాడు. చివరికి గొడ్డలి తెమ్మన్నాడు. గొడ్డలికి చెక్క పగిలింది, అతుకు పగల్లేదు.

సేటు రెండు ముక్కల వైపూ మార్చి మార్చి చూశాడు. "అంటె…" అని ఆగిపోయాడు.

నేను ముందుకు వచ్చాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

"అంటె ఏందో నేను చెప్త సేటూ. అమాస, పాడ్యమి అని మూడు దినాలు ఆపింది నేను. తెలిసి ఊకున్నది నా తమ్ముడు. వద్దని చెప్పింది లింగన్న ఒక్కడే. ఇప్పుడన్న నాకు దండం పెట్టకు. నేను చెప్పింది విను."

భూమేశ్వర్ తల ఊపాడు. "నిజమే సేటూ. పొడి తక్కువ కాలె. నేను అబద్ధమాడిన." అందరి ముందు అన్నాడు. ఆ మాత్రం చేశాడు.

"గీ మాట మొదలే అంటె గిన్ని కట్టెలు కాలకపోతుండె గదా అక్కా" అంది నీలవ్వ.

నాలుగు దూలాలూ దింపి కొత్తవి చేసి ఇస్తామని తమ్ముడు ఒప్పుకున్నాడు. సేటు లింగన్న దగ్గరికి పోయి భుజం మీద చెయ్యి వేయబోయాడు. లింగన్న ఒక అడుగు వెనక్కి వేశాడు.

"భుజం తట్టుడు గాదు సేటూ. నన్ను దొంగన్న మాట ఏడేడ అన్నవో గాడగాడ కాదని చెప్పు. మాక్లూర్ల గూడ."

సేటు చెబుతానన్నాడు. రేపే పోతానన్నాడు. సేటుతో తమ్ముడు కూడా పోవాలన్నాను. పోతానన్నాడు.

14 నవంబర్

పోయి వచ్చారు. మాక్లూర్ ఆయన లింగన్నను దర్వాజాల పనికి పిలిచాడట. మంచిదే. అయినా ఆ నెల రోజులు కనకవ్వ అంగట్లో తల దించుకుని నడిచింది. దాన్ని ఎవరు పోయి కాదని చెప్పగలరు?

18 జనవరి 1993, సోమవారం

కొత్త చెక్కలు వచ్చి, ఆరి, తూకానికి నిలిచాయి. మాక్లూర్ పని అయిపోయాక లింగన్న వచ్చాడు. రమ్మని భూమేశ్వర్ మూడుసార్లు పోయి అడిగాడు.

ఈరోజు మొదటి దూలం. ఆరింటికే మిషను మోత మొదలైంది. చిత్రిక పట్టిన చెక్కలను వరసగా పరిచారు. పసుపు కుంకుమల పళ్ళెంతో పోయాను. బంక పెట్టకముందు మొదటి చెక్కకు బొట్టు పెడదామని చెయ్యి చాచాను.

"ఆగక్కా. ముట్టకు."

కార్ఖానాలో ఉన్నవాళ్ళంతా చేస్తున్న పని ఆపారు. భూమేశ్వర్ నా మొహం చూశాడు.

"చేతి జిడ్డు గూడ బంకకు పడది. గాడ నిలబడు."

అన్నది అంతే. అక్కా అని పిలిచి, గాడ నిలబడు అన్నాడు. ఈ ఇంట్లో, ఈ వయసులో, దేవుడి పళ్ళెం చేతిలో ఉండగా. ఒళ్ళంతా మండింది. ఇది రాస్తున్నప్పుడు కూడా ఆ మంట ఉంది. చల్లారిందని రాస్తే అబద్ధమవుతుంది. లోపలికి పోయి తలుపు వేసుకుందామని ఒక కాలు వెనక్కి వేశాను కూడా.

పోలేదు. అతను చూపించిన చోటే, గోడ పక్కన, పళ్ళెం పట్టుకుని నిలబడ్డాను. కాళ్ళు లాగాయి. ఎవరూ స్టూలు వేయలేదు, అతను పనిలో ఉన్నాడు.

పదకొండింటికి చివరి శికంజా బిగించి చెయ్యి తుడుచుకున్నాడు. "ఇగ పెట్టక్కా" అన్నాడు.

ఎక్కడ పెట్టాలో అతన్నే అడిగాను.